వయస్సు మళ్లిన తరువాత ఒంటిమీద లేచే మచ్చలు, పులిపిర్లు



వరిచేలో కలుపు తీసేవారికి ఊద గడ్డి సంగతి వేరే చెప్పనక్కరలేదు. లేతగా వున్నప్పుడు అది అచ్చం వరి పిలకలాగే కనుపించును. కొత్తవాళ్లను చేలో దింపితే వరిని పీకి గట్టున వేసి, ఊదను చేలో వుంచి వస్తారు. చెయ్యి తిరిగిన ఆడకూలీ మాత్రం పొరబడదు. ఆకు కాడను అంటుకొనివుండే చోట వేలితో విప్పి చూస్తుంది. వరికైతే అక్కడ తెల్లని పలుచని పొర వుంటుంది, ఊదకు వుండదు. చూడవలసిన చోట చూస్తే నిమిషంలో తేలిపోయే సంగతి అది.

మన ఒంటిమీద లేచే మచ్చలూ, పులిపిర్లూ, పొలుసులూ కూడా ఇంచుమించు ఇలాంటివే. యాభై యేండ్లు దాటేసరికి ఏదో ఒకటి లేవని మనిషి వుండడు. వాటిలో ఎక్కువ భాగం ఏ హానీ చేయనివి. కొద్ది భాగం మాత్రం ఇవాళ క్యాన్సరు కాకపోయినా, పట్టించుకోకుండా వదిలేస్తే కొన్నేళ్లకు క్యాన్సరుగా మారగలవి. మన పెద్దలు రాచపుండు అనేవారే, అదన్నమాట. ఈ రెండు రకాలనూ ఖాయంగా విడదీయడం ఇంటి దగ్గర అయ్యే పని కాదు. కొన్నిటిని డాక్టరు గూడ ముక్క తీసి సూక్ష్మదర్శిని కింద చూస్తేగాని చెప్పలేరు. అయితే దేనిని తప్పక చూపించవలెనో, దేనిని వదిలేసినా కొంప మునగదో, ఆ మాత్రం తెలుసుకోవడం మీ చేతిలో వుంది. ఈ ప్రసంగంలో చెప్పదలచింది అంతే.

ముందుగా భయపడనక్కరలేని వాటిని చూద్దాం. ఎక్కువగా కనుపించేవి అవే గదా.

ఛాతీమీద, వీపుమీద, కణతల దగ్గర గోధుమ రంగులోగాని, నల్లగాగాని కాస్త ఎత్తుగా లేచే మచ్చ ఒకటి వుంటుంది. పైన గరుకుగా, మైనం పూసినట్టు వుంటుంది. తడి రేగడి మట్టిని చిన్న బిళ్లగా చేసి ఒంటికి అతికించి ఆరబెడితే ఎలా వుంటుందో అలా వుంటుంది. గోటితో గీకితే పెళ్లగా ఊడివచ్చేట్టు కనుపించును. వైద్యులు దీనిని సెబోరిక్ కెరటోసిస్ అంటారు. మన వూళ్లలో దీనికి వేరే పేరు లేదు, దీన్నీ పులిపిరే అంటారు. ఒకటితో మొదలై యేండ్లు గడిచేకొద్దీ పది, ఇరవై అవుతాయి. తండ్రికి వుంటే కొడుకుకు రావడం కద్దు. ఇది క్యాన్సరుగా మారే జాతి కాదు. రంగు నల్లగా వుంది గదా అని బెంగ పెట్టుకోనక్కరలేదు. అయితే ఒక్క సంగతి. యేండ్ల తరబడి నెమ్మదిగా రావలసినవి రెండు మూడు మాసాలలోనే దురదతో గుంపులుగా లేచి, దానికి తోడు ఆకలి తగ్గి మనిషి చిక్కిపోతూ వుంటే మాత్రం డాక్టరుకు చూపించవలెను. అరుదుగా కడుపులోని జబ్బు ఒంటిమీద ఇలా బయటపడుతుంది.

చెంపలమీద, కళ్లకింద ఆవగింజలంత నల్లని చుక్కలు కొందరికి, ముఖ్యంగా ఆడవారికి, వయస్సుతోపాటు ఎక్కువవుతూ వుంటాయి. ఇవీ ఆ కుటుంబంలోనివే, హాని లేనివే. ఛాతీమీద, పొట్టమీద గురివిందగింజ ఎరుపులో లేచే చిన్న చుక్కలు రక్తనాళాల ముడులు మాత్రమే. చర్మం కింద మెత్తగా వుండి, వేలితో నొక్కితే అటూ ఇటూ జారే గడ్డ కొవ్వుగడ్డ. కాలికింద ఆనెలు నడకవల్ల వచ్చేవి.

మెడచుట్టూ, చంకలలో సన్నని కాడతో వేలాడే మెత్తని పులిపిర్లు గూడ సాధువైనవే. కాని అవి గుంపుగా వుండి, మెడ వెనుక చర్మం నల్లగా, మందంగా అయివుంటే ఒకసారి రక్తంలో చక్కెర పరీక్ష చేయించుకోండి. పులిపిరివల్ల చక్కెర జబ్బు రాదు. చక్కెర జబ్బు వున్నవారిలో, రాబోయేవారిలో ఈ పులిపిర్లు ఎక్కువగా కనుపిస్తాయి. ఊరికే దొరికిన సూచనను వదులుకోవడం దేనికి?

ఇక ఊదకు పొరను చూసినట్టు, మచ్చకు చూడవలసిన చోటేది? రంగు కాదు, ఎత్తు కాదు. దాని నడవడి చూడాలి. సాధువైన మచ్చ పోయిన ఉగాదికి ఎలా వుందో ఈ ఉగాదికీ ఇంచుమించు అలాగే వుంటుంది. పెరిగినా అంచులు సాఫుగా వుంచుకొని, తీరుగా పెరుగుతుంది. నమ్మరాని మచ్చ మాసాలలో, ఒక్కొక్కసారి వారాలలో మారును. ఒక పక్కకే పాకుతుంది, అంచులు గట్టిపడతాయి, దెబ్బ తగలకుండానే రక్తం చిమ్ముతుంది, పైన చెక్కు కట్టి రాలి మళ్లీ అక్కడే కడుతుంది.

పుండుకు గూడ ఇదే లెక్క. మామూలు గాయం రెండు మూడు వారాలకు మానును. నాలుగు వారాలు దాటినా మానని పుండు, మానినట్టే మాని మళ్లీ పగిలే పుండు, ఎక్కడ వున్నా సరే, చూపించవలసిన పుండే. "చక్కెర వుంది గనుక మానలేదు లెండి" అని ఇంట్లోవాళ్లు సర్దిచెప్పుకుంటూ వుంటారు. నిజమే కావచ్చు. ఆ మాట డాక్టరు చూసి చెప్పాలి, మనం చెప్పుకోరాదు.

ఎండ సంగతికి వద్దాం. ఆస్ట్రేలియా వంటి దేశాలలో తెల్లవారికి చర్మ క్యాన్సరు విపరీతంగా రావడానికి ఎండే మొదటి కారణం. మన చర్మంలో వుండే నల్లరంగు పదార్థం మనకు చాలావరకు గొడుగు పట్టినట్టు పనిచేస్తుంది. అందుచేత మనలో ఈ జబ్బు తక్కువ. తక్కువ అంటే లేదని కాదు. నలభై, యాభై యేండ్లు ఎండలో పనిచేసిన మనిషికి, అందులోనూ పచ్చని ఛాయ గలవారికి, బట్టతల నడినెత్తిమీద, చెవుల పైఅంచున, ముక్కుమీద, ముంజేతుల వెనుక ఒకరకం గరుకు మచ్చ లేస్తుంది. ఇది కంటికంటే వేలికి ముందు తెలుస్తుంది. వడ్రంగి వాడే ఉప్పుకాగితంమీద వేలు రాసినట్టు వుంటుంది. గీకితే పొలుసు పోతుంది, పదిరోజులకు మళ్లీ అక్కడే కడుతుంది. దీనికి ఆక్టినిక్ కెరటోసిస్ అని పేరు. క్యాన్సరు కాదు, క్యాన్సరుకు ముందు మెట్టు. వీటిలో చాలా భాగం అలాగే వుండిపోతాయి, కొన్ని వాటంతటవే పోతాయి, కొద్ది భాగం మాత్రం పైమెట్టు ఎక్కుతాయి. ఏది ఎక్కుతుందో ముందుగా చెప్పలేరు గనుకనే అన్నిటికీ వైద్యం చేస్తారు. అడుగున గట్టిపడి, నొక్కితే నొప్పి పుట్టే మచ్చను ఆలస్యం చేయరాదు.

పుట్టుకతోనే ఒళ్లూ, జుట్టూ, కనురెప్పల వెంట్రుకలూ తెల్లగా వుండేవారు మన వూళ్లలోనూ అక్కడక్కడ వున్నారు. వారికి ఆ నల్లరంగు గొడుగు లేదు. వారికి ఈ మచ్చలు చిన్న వయస్సులోనే రావచ్చును. వారిని ఎండపనికి పెట్టకుండా నీడపట్టున పని చూపించడం ఇంటివారి బాధ్యత. మిగిలినవారికి తలపాగా మంచి అలవాటు, కాని చుట్టేటప్పుడు చెవులను బయట వదిలేస్తాము. కాస్త కిందికి దించి చుట్టుకోండి.

కింది పెదవిని గూడ ఈ లెక్కలోనే చూడాలి. ఎండకు ఎండి, తెల్లబారి, పెదవికీ చర్మానికీ మధ్య గీత చెరిగిపోయి, ఒకేచోట మాటిమాటికీ పగులుతూ వుంటే అది చలిపగులు కాదు. చుట్ట, బీడీ వున్నవారైతే మరీ జాగ్రత్త. పనిలో పనిగా ఇంకొక మాట. శ్రీకాకుళం, విశాఖపట్టణం ప్రాంతాలలో నిప్పు నోటిలోపల పెట్టుకొని కాల్చే అడ్డపొగ అలవాటు, అందులోనూ పెద్దవయస్సు ఆడవారిలో, యేండ్ల తరబడి వుంటూ వచ్చింది. దానివల్ల అంగిట్లో తెల్లని, ఎర్రని మచ్చలు లేచి పుండుపడి క్యాన్సరు కావడం వైద్యులు బాగా ఎరిగినదే. అది చర్మం విషయం కాదు గనుక అంతటితో ఆపుతాను.

నల్లమచ్చలలో మనం భయపడవలసినది ఒకటుంది, దాని పేరు మెలనోమా. చిన్నప్పటినుంచీ వున్న పుట్టుమచ్చ అలాగే వుంటే దాని జోలికి పోనక్కరలేదు. యాభై దాటిన తరువాత కొత్తగా వచ్చిన నల్లమచ్చను మాత్రం పరీక్షగా చూడాలి. మధ్యకు గీత గీస్తే రెండు సగాలూ ఒక తీరుగా లేకపోవడం, అంచులు చెరువు గట్టులా వంకరలు పోవడం, ఒకే మచ్చలో నలుపు, గోధుమ, ఎరుపు కలగలిసి వుండడం, పెన్సిలు వెనుక మొన కంటే వెడల్పు కావడం, అన్నిటికంటె ముఖ్యంగా మారుతూ వుండడం, ఇవీ దాని గుర్తులు. తెల్లవారికి ఇది వీపుమీద, కాళ్లమీద ఎక్కువ. మనవంటి ఛాయగలవారికి వస్తే ఎక్కువగా అరికాలిలో, అరచేతిలో, గోటికింద వస్తుంది. ఎండకూ దానికీ సంబంధం లేదు. ఒట్టికాళ్లతో దుక్కిలో తిరిగే మనిషి అరికాలు ఎవరు చూస్తారు? చూసినా, "ముల్లు విరిగివుంటుంది", "మట్టిగడ్డ గుచ్చుకొని రక్తం చచ్చింది" అనుకుంటారు.

గోటికింది నలుపును కనిపెట్టడానికి ఒక ఉపాయం వుంది. ఆ నలుపు మొదలయ్యే చోట గోటిమీద సన్నగా ఒక గీత గీసి వుంచండి. చేతిగోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగును. కాలిగోరు అందులో సగం. దెబ్బవల్ల చచ్చిన రక్తమైతే గీతతోపాటు అదీ ముందుకు జరిగి, వెనుక తెల్లని కొత్తగోరు వస్తుంది. గీత జరిగినా నలుపు వున్నచోటే వుంటే, లేదా నల్లని చార రోజురోజుకు వెడల్పై గోటి మొదట్లోని చర్మంమీదికి గూడ పాకితే, ఇక గీతలు గీస్తూ కూర్చోక వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. దెబ్బ తగిలిన జ్ఞాపకమే లేనప్పుడు గూడ అంతే. ఈ జబ్బు మిగతావాటిలా యేండ్ల గడువు ఇవ్వదు.

మన పల్లెలకు సంబంధించినంతవరకు నేను అన్నిటికంటె గట్టిగా చెప్పదలచింది పాత కాలిన మచ్చలను గూర్చి. పొయ్యిదగ్గర చీరకు నిప్పంటుకొని కాలినవి, కిరసనాయిలు దీపంవల్ల కాలినవి, బెల్లం పెనం దగ్గర పాకం పడి కాలినవి. ఆనాటి కాలుడు మానింది, మచ్చ మిగిలింది. మోకాలి వెనుకో, మోచేతి మడతలోనో ఆ మచ్చ బిగుసుకొని, పని చేసినప్పుడల్లా పగులుతూ, మానుతూ వుంటుంది. యేండ్లు గడుస్తాయి. ఒకనాడు పగిలింది ఇక మానదు. 1828లో జాన్ నికొలా మార్జొలాఁ అనే ఫ్రెంచి శస్త్రవైద్యుడు ఇటువంటి మచ్చలలో లేచే పుండ్లను వర్ణించాడు. అందుచేత నేటికీ వీటిని మార్జొలిన్ పుండు అంటారు. కాలిన నాటినుంచి క్యాన్సరు అయ్యేవరకు సగటున 30 యేండ్లు పడుతుందని వైద్యుల లెక్క. అంటే ఇరవైయేండ్లప్పుడు కాలిన చెయ్యి యాభైలో ఎదురు తిరుగును. ఇంతకాలం గడిచిన తరువాత ఆ రెండింటికీ సంబంధం వుందని ఇంట్లో ఎవరికీ తోచదు.

కాలిన మచ్చలకే కాదు. పాముకాటు తరువాత చర్మం కుళ్లి యేండ్ల తరబడి మానకుండా వున్న పుండు, కుష్ఠు వచ్చి నయమైనవారి అరికాలి పుండు, కాలిలో నరాలు ఉబ్బి చీలమండ దగ్గర పడిన పుండు, ఎముక కుళ్లి చీము కారుతూ వుండే రంధ్రం, వీటన్నిటికీ ఇదే భయం వున్నది. పుండు అంచు ఉండకట్టి గట్టిపడడం, లోపల కాలీఫ్లవరు పువ్వులా కండ పెరగడం, ముట్టుకుంటే రక్తం కారడం, ఇదివరకు లేని దుర్వాసన, ఇవి మారుతున్న గుర్తులు. నొప్పి కోసం ఎదురుచూడకండి. మచ్చలో నరాలు చచ్చివుంటాయి గనుక నొప్పి ఆలస్యంగా తెలియును. కాలిపుండు అయితే గజ్జలో, చేతిపుండు అయితే చంకలో బిళ్ల కట్టిందేమో తడిమి చూసుకోండి. బిళ్ల మామూలు చీముపుండుకు గూడ కట్టును, కాని ఇటువంటి పుండుతో కలిసి కడితే ఒక్కరోజు గూడ ఆగరాదు. తొలిదశలో పుండునూ, చుట్టూ కాస్త మంచి చర్మాన్నీ కోసి తీసివేస్తే సరిపోవును. బాగా ముదిరి ఎముకకు దిగితే కాలో చెయ్యో తీసివేయక తప్పని సందర్భాలు వస్తున్నాయి. నాలుగు మాసాల ఆలస్యానికి కాలు ధర పెట్టడం ఏం బేరమో ఆలోచించండి.

వేడి వల్లనే చర్మం చెడుతుందనడానికి కాశ్మీరమే సాక్ష్యం. అక్కడి చలికి జనం కాంగ్డీ అనే నిప్పుకుండను బుట్టలో పెట్టి, వదులైన అంగీలోపల పొట్టకూ తొడలకూ ఆనించి వుంచుకుంటారు. యేండ్ల తరబడి ఆ సెగ తగిలినచోట చర్మం వలలాగా నల్లబడి, ముసలితనంలో క్యాన్సరు పుట్టడం 1866లోనే ఎల్మ్‌స్లీ అనే డాక్టరు రాసిపెట్టాడు.

మన నడుము సంగతీ చెప్పుకోవాలి. ధోవతి బిగించి కట్టేవారికి, చీరకింద లంగాబొందు ఒకేచోట గట్టిగా ముడివేసేవారికి నడుంచుట్టూ నల్లని వరుస ఏర్పడడం మనందరికీ తెలుసు. చాలామందికి అది అంతటితో సరి. కొందరికి మాత్రం ఆ వరుస పొలుసులు లేచి, రంగుపోయి తెల్లబడి, చెమటకు పచ్చిపుండై, మానకుండా వుండిపోతుంది. బొంబాయిలో క్యాన్సరు పరిశోధన చేసిన ఖనోల్కర్‌గారు, సూర్యాబాయిగారు 1945లోనే ధోవతి కట్టే చోట పుట్టే క్యాన్సరును గూర్చి ప్రచురించారు. లంగాబొందువల్ల ఆడవారికి వచ్చినవి గూడ ఆ తరువాత వైద్యపత్రికలలో వచ్చాయి. ఇది అరుదైన జబ్బే. కాని దీనిని తప్పించుకోవడం ఎంత సులువో చూడండి. సన్నని తాడు బదులు వెడల్పు పట్టీ కుట్టించుకోవచ్చు, ముడి ఒకరోజు పైకి, ఒకరోజు కిందికి జరపవచ్చు, ఇంటికి రాగానే వదులు చేసుకోవచ్చు. నాట్లకు వంగినప్పుడు చీర జారకుండా బిగించడం తప్పదన్న మాట నిజమే. రాత్రి నిద్రలో గూడ ఆ బిగింపు ఎందుకమ్మా?

రైతులకు సంబంధించిన మరొక కారణం పాషాణం, అంటే ఆర్సెనిక్. జర్మనీలో మోజెల్ నదీతీరంలో ద్రాక్షతోటలవారు పురుగులకు ఆర్సెనిక్ మందులు చల్లేవారు, పిప్పితో చేసిన సారాను తామే తాగేవారు. ఆ దేశంలో 1942లో ద్రాక్షకు ఆ మందును నిషేధించారు. కాని నిషేధం తరువాత గూడ ఎన్నో యేండ్లపాటు ఆ రైతుల అరచేతులలో గరుకు కాయలు, ఒంటిమీద చర్మ క్యాన్సర్లు బయటపడుతూ వచ్చాయి. మన దేశంలో పశ్చిమ బెంగాలులో గొట్టపుబావుల నీటిలో ఆర్సెనిక్ వుందని, దానివల్లనే జనానికి చర్మం చెడుతున్నదని 1983లో కలకత్తా డాక్టరు కె.సి. సాహాగారు కనుగొన్నారు. ఒంటిమీద వానచినుకులు పడ్డట్టు నల్లని, తెల్లని చుక్కలు, అరచేతిలో అరికాలిలో మొక్కజొన్న గింజల్లాంటి గట్టికాయలు దాని ఆనవాళ్లు. మనవైపు పాషాణం, హరిదళం కలిపిన నాటుమందులను ఉబ్బసానికో, పొలుసుల జబ్బుకో యేండ్ల తరబడి మింగినవారు వుంటే, పనివల్ల వచ్చే కాయలు కాని ఇటువంటి కాయలు రెండు చేతులా లేస్తే డాక్టరుకు ఆ మందు సంగతి దాచకుండా చెప్పండి.

ఈ పాషాణంవల్లగాని, వేరే కారణంవల్లగాని వచ్చే బోవెన్ జబ్బు అని ఒకటుంది. 1912లో బోవెన్ అనే అమెరికా డాక్టరు వర్ణించాడు. రూపాయి బిళ్లంత ఎర్రని లేక గోధుమరంగు పొలుసు మచ్చ, నెమ్మదిగా వెడల్పవుతూ వుంటుంది. చూడబోతే తామర. అందుకే మందుల దుకాణంలో తామర పూతమందు కొని మాసాల తరబడి రాస్తారు. తామర అయితే సరిగా మందు వాడిన నాలుగైదు వారాలకు తగ్గుముఖం పట్టాలి, పైగా ఇంట్లో ఇంకొకరికీ అంటుకొని వుంటుంది. ఒంటరిగా ఒకేచోట వుండి మందుకు లొంగని తామర తామర కాదని అనుమానించండి. ఇది పైపొరలోనే నిలిచివున్న క్యాన్సరు. ఆ దశలో తీసివేస్తే ఇంచుమించు పూర్తిగా నయమగును.

ముఖంమీద, కనురెప్పల దగ్గర, ముక్కుపక్కన ముత్యపు నిగనిగతోగాని, నల్లగాగాని చిన్న పొక్కు లేచి, నడుమ గుంటపడి, చెక్కు కట్టి రాలుతూ వుంటే అది మెట్టు దాటిన క్యాన్సరే కావచ్చును. ఇంగ్లీషు వైద్యులు పూర్వం దీనిని ఎలుకకొరుకుడు పుండు అనేవారు. ఇది దూరం పాకడం చాలా అరుదు, కాని వున్నచోట రెప్పనూ ముక్కునూ నిజంగా కొరుక్కుతినును. ఇంకొందరికి చర్మంమీద అచ్చం కొమ్ములాగా గట్టిగా మొలుస్తుంది. కొమ్మును విరిచిపారేయకండి. దాని మొదట్లో వున్నది సాధువా, కాదా అనేది పరీక్షలోనే తేలును. కొమ్ము అంటే జ్ఞాపకం వచ్చింది, ఎద్దుకు కొమ్ము క్యాన్సరు వస్తే కొమ్ము కాస్త ఒరిగినా, తల విదిలించినా రైతు ఆ పూటే పశువుల డాక్టరు దగ్గరకు తోలుకుపోతాడు. తన వీపుమీద ఏముందో మాత్రం యేడాదికి ఒకసారీ చూసుకోడు.

ఇక మచ్చలను ఇంటిదగ్గర పోగొట్టుకొనే పద్ధతులు. సున్నం, చాకలిసోడా నూరి అంటించడం, నల్లజీడి రసం పెట్టడం, అగరొత్తితో కాల్చడం, పులిపిరి కాడకు గుర్రపు వెంట్రుక బిగించి కట్టడం, ఇవి మనకు కొత్తకాదు. సన్నకాడ పులిపిరికి వెంట్రుక కడితే చాలాసార్లు ఎండి రాలును, చీముపట్టడమొక్కటే ప్రమాదం. మిగిలినవి మాత్రం రెండు విధాల చెరుపు. మంచి మచ్చమీద పెడితే లేనిపోని కాలుడు మచ్చ తయారవుతుంది. చెడ్డమచ్చమీద పెడితే పైభాగం కాలి, వేరు లోపల వుండిపోతుంది. పైన మానినట్టు కనుపించి రోగి నిశ్చింతగా వుంటాడు, అడుగున అది పెరుగుతూ వుంటుంది. గడ్డిపరక పైన కోసి తుంగగడ్డను నేలలో వుంచినట్టే గదా! బజారులలో కూర్చుని యంత్రంతో మచ్చలు కాల్చేవారి దగ్గర గూడ ఇదే ఇబ్బంది. కాలిపోయిన ముక్కను ఎవరూ పరీక్షించలేరు.

డాక్టరు దగ్గరకు పోతే కత్తి పెడతాడు, కత్తి తగిలితే క్యాన్సరు పాకుతుంది అనే మాట వూళ్లలో బలంగా వుంది. చర్మపు మచ్చనుంచి చిన్న ముక్క తీసినందువల్ల జబ్బు పాకదు. పాకేది ఆలస్యంవల్ల. ముక్క తీయడానికి మత్తు సూది ఇచ్చి, గోరంత చర్మం తీసి, ఒకటి రెండు కుట్లు వేస్తారు. మీరు ఆ సాయంత్రమే ఇంటికి రావచ్చు. ముందుమెట్టు మచ్చలకు పూసే మందులున్నాయి. అతిచల్లని ద్రవ నత్రజనిని తాకించి మచ్చను గడ్డకట్టించి రాల్చే పద్ధతి వుంది. ఈ ద్రవ నత్రజని మీకు కొత్తదేమీ కాదు. పశువులకు సూది వేసే వీర్యపు గొట్టాలను మైనస్ 196 డిగ్రీల చలిలో నిల్వచేసే పొగల క్యాను మీరు చూసినదే. పాడిని పెంచిన ఆ ద్రవమే ఇక్కడ మచ్చను చంపుతుంది.

విస్తరణ కార్యకర్తలకు ఒకటి రెండు మాటలు. ముప్పై యేండ్లు దాటినవారికి వూళ్లలో చేసే క్యాన్సరు తనిఖీలలో నోరు, రొమ్ము, గర్భాశయ ముఖం చూస్తారు. చర్మం ఆ జాబితాలో లేదు. కనుక రైతు సమావేశంలో మీరు వేసే ప్రశ్నే కొందరికి మొదటి తనిఖీ కావచ్చును. "ఎవరికైనా పాత కాలిన మచ్చ మళ్లీ పగిలిందా? నెలదాటి మానని పుండు వుందా? అరికాలిలో కొత్త నలుపు వుందా?" ఈ మూడూ అడగండి చాలు. అవునన్నవారికి జబ్బు పేరు మీరు చెప్పకండి. క్యాన్సరు అన్నమాట మీ నోట విని ఆసుపత్రికి బదులు దేవుడి మొక్కులకు బయలుదేరేవారున్నారు. ఆశా కార్యకర్తతో గాని, ఏ.ఎన్.ఎం. తో గాని కలిపి ప్రాథమిక ఆరోగ్యకేంద్రానికి పంపించండి. అక్కడినుంచి జిల్లా ఆసుపత్రిలోని చర్మవైద్యుని దగ్గరకు రాసి ఇస్తారు. అవసరమైతే హైదరాబాదులో ఎం.ఎన్.జె. క్యాన్సరు ఆసుపత్రి, విశాఖపట్టణం దగ్గర అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సరు ఆసుపత్రి వున్నాయి. అర్హులైనవారికి తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్.టి.ఆర్. వైద్య సేవ కింద క్యాన్సరు వైద్యానికి ఖర్చు భరిస్తారు గనుక, ఆ కార్డు వెంట తీసుకుపొమ్మనండి.

చూసుకోవడానికి మంచి సమయం తలంటు పోసుకున్న రోజు. ఒళ్లు శుభ్రంగా వుంటుంది, పగటి వెలుతురు వుంటుంది. వీపు భార్యకు భర్త, భర్తకు భార్య చూడవచ్చు. ఒంటరివారికి మనుమలు చూస్తారు. చెవుల వెనుక, మెడమీద మంగలికి మనకంటె బాగా కనుపించును, అతణ్ణి అడగండి. అరికాళ్లు కడిగి, వేళ్ల సందులు విడదీసి చూడండి. అనుమానం వున్న మచ్చపక్కన రూపాయి బిళ్ల పెట్టి సెల్‌ఫోనుతో ఫోటో తీసి వుంచుకోండి, నెల తరువాత మళ్లీ అదే బిళ్ల పెట్టి తీయండి. పెరిగిందా లేదా అన్న వాదన వుండదు. రక్తం కారేదానికి, మానని పుండుకు, అరికాలి నలుపుకు మాత్రం ఈ నెల గడువు వర్తించదు.

డాక్టరు మచ్చను కోసి తీస్తే, ఆ ముక్కను పరీక్షకు పంపుతున్నారా అని అడగండి. అడిగితే ఎవరూ తప్పుపట్టరు. పరీక్ష కాగితం వచ్చేదాకా తిరగండి, వచ్చిన కాగితాన్ని పొలం పట్టాదారు పాసుపుస్తకంతోపాటు భద్రంగా పెట్టుకోండి. రెండేండ్లకో మూడేండ్లకో అదేచోట మళ్లీ ఏదైనా లేస్తే, కొత్త డాక్టరు మొదట అడిగేది ఆ కాగితమే.